తలలో పడిన గండి

(తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఒక న్యూరో ఇంటర్వెన్షన్ వైద్యుడు, అంటే రక్తనాళాల్లోంచి సన్నని గొట్టాలు పంపి మెదడు రక్తనాళాల జబ్బులకి చికిత్స చేసే వైద్యుడు, చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

మాస్టారు ఫోన్ చేసి "మెదడు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మెదడు గురించి చెప్పేంత నాకు తెలియదండీ. నేను చూసేది దాని చుట్టూ పారే రక్తాన్ని. ఒక రకంగా ఇది మా ఇంటి వృత్తే. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేశారు. వర్షాకాలం రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని కాలువ గట్టు మీద తిరిగేవారు. అప్పుడప్పుడు నన్నూ వెంట తీసుకెళ్లేవారు. చీకట్లో నడుస్తూ నడుస్తూ నీళ్ల చప్పుడు మారగానే ఆగిపోయేవారు. "ఎక్కడో కోస్తోందిరా" అనేవారు. కంటికి ఏమీ కనపడేది కాదు, చెవికి తెలిసిపోయేది.

చప్పుడు సంగతి ఎందుకు ఎత్తానంటే, ఈరోజు చెప్పబోయే కథ చప్పుడుతోనే మొదలవుతుంది. ఒకాయన, యాభై దాటినవారు. పేరూ ఊరూ వద్దు, వివరాలు కూడా కొంచెం మార్చి చెబుతున్నాను. కుడి చెవిలో "వుస్... వుస్..." అని చప్పుడు. పగలు పనిలో పడితే తెలియదు. రాత్రి దిండు మీద తల పెడితే నిద్ర పట్టనివ్వదు. ఏడు నెలలు తిరిగారు. చెవిలో చుక్కలు వేశారు, గులిమి తీశారు, వినికిడి పరీక్ష చేశారు. అన్నీ బాగున్నాయి. "వయసు మీద పడుతోందండీ, అంతే" అని ఇంట్లో కూడా తేల్చేశారు. ఆయనే ఒకరోజు మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకున్నారు. చెవిలో చప్పుడూ, చేతిలో నాడీ ఒకేసారి కొడుతున్నాయి.

నా దగ్గరికి వచ్చినప్పుడు చెవి వెనక ఎముక మీద స్టెతస్కోపు పెట్టాను. నాకూ వినపడింది. అక్కడితో సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే. ఆయనకి మాత్రమే వినపడే చప్పుడు వేరు, పక్కవాడికి కూడా వినపడే చప్పుడు వేరు.

ఇప్పుడు డెల్టావాళ్లకి డెల్టా భాషలోనే చెబుతాను. పంట కాలువ ఉంది. దాని నుంచి తూము, తూము నుంచి బోదె, బోదె నుంచి పొలం. పొలంలో వాడగా మిగిలిన నీరు మురుగు కాలువలోకి దిగి సముద్రానికి పోతుంది. కాలువ ఎత్తున ఉంటుంది, ఒత్తిడి ఎక్కువ. మురుగు కాలువ పల్లంలో ఉంటుంది, ఒత్తిడి తక్కువ. మధ్యలో పొలం ఉంది కాబట్టే రెండూ సుఖంగా ఉన్నాయి. శరీరంలో ధమని పంట కాలువ, సిర మురుగు కాలువ. మధ్యలో వెంట్రుక కంటే సన్నని కేశనాళికలు, అవే పొలం.

మెదడు చుట్టూ డ్యూరా అని ఒక మందపాటి పొర ఉంటుంది. మెదడులోని చెడు రక్తమంతా బయటికి పోయే పెద్ద సిరలు ఆ పొరలోనే ఉంటాయి. ఆ పొరకి రక్తం ఇచ్చే చిన్నచిన్న ధమనులూ అక్కడే ఉంటాయి. రెండూ పక్కపక్కనే పారుతున్నాయన్నమాట. ఒక్కోసారి ఆ పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి, తర్వాత దారి తెరుచుకునే క్రమంలో ధమనికీ సిరకీ మధ్య గట్టు తెగుతుంది. ఒక్కోసారి దెబ్బ తగిలి తెగుతుంది. చాలామందిలో ఎందుకు తెగిందో తేలదు. పంట కాలువకి గండి పడి నీళ్లు తిన్నగా మురుగు కాలువలోకి దూకుతున్నాయి. డ్యూరల్ ఫిస్టులా అంటే ఇదే. ఆయన చెవిలో చప్పుడు ఆ దూకుడుదే.

గండి పడినంత మాత్రాన ప్రాణం పోదు. మురుగు కాలువ వెడల్పుగా ఉండి, నీళ్లు ముందుకే పోతుంటే హోరు తప్ప నష్టం లేదు. కానీ మురుగు ఎగదన్నితే? మీకు చెప్పాలా, ఇక్కడ వరి మునిగేది చాలాసార్లు మురుగు ఎగదన్నే. తలలో కూడా అంతే. ధమని ఒత్తిడి సిరల్లోంచి వెనక్కి మెదడులోకి ఎక్కితే మెదడు ఉబ్బుతుంది. మనిషికి మతిమరుపు వస్తుంది, ఫిట్స్ వస్తాయి, ఒకరోజు సిర పగిలి రక్తస్రావం అవుతుంది. ఇంట్లోవాళ్లు వయసుతో వచ్చిన మతిమరుపు అనుకున్న మనిషి, గండి పూడ్చాక మళ్లీ లెక్కలు రాసుకోవడం నేను చూశాను.

1995లో కాగ్నార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడూ, ఆయన సహచరులూ ఈ గండ్లకి తరగతులు కట్టారు. పరీక్షల కోసం అవన్నీ బట్టీ పట్టాం గానీ, సారాంశం ఒకటే ప్రశ్న: రక్తం ముందుకు పోతోందా, మెదడులోకి ఎగదన్నుతోందా? ఎగదన్నే రకాన్ని గమనించిన టొరంటో వైద్యులు 2002లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 8 శాతం మందికి రక్తస్రావం. వాళ్లు చూసింది 20 మందినే, పైగా అప్పటికే జబ్బు ముదిరినవాళ్లు. ఇంకా లక్షణాలు లేనివాళ్లకి ప్రమాదం తక్కువని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. అందుకే "గండి ఉంది" అనగానే కంగారు పడను, "అదేం పరవాలేదు" అని పంపించనూ పంపించను. ముందు చూడాలి.

చూడడం ఎలా? మామూలు ఎమ్మారైలో ఇది తప్పించుకోగలదు. చెవి చప్పుడాయనకి రెండుసార్లు తీశారు, రెండుసార్లూ నార్మల్ అని రాసిచ్చారు. ఖాయంగా తేల్చేది యాంజియో. యాంజియో అనగానే మీకు గుండె గుర్తొస్తుంది. మెదడుకి యాంజియో చేయడం దాదాపు వందేళ్ల పాతది. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. ఇప్పుడు మెడలోని ఆరు నాళాల్లోకీ విడివిడిగా రంగు మందు పంపి సినిమాలా చూస్తాం. అన్నిటికంటే ముఖ్యం సమయం. ధమనులు నిండాక, ఒకట్రెండు క్షణాలు గడిచాక సిరలు కనపడాలి. ధమని నిండుతుండగానే పక్కన సిర కనపడిందంటే గండి దొరికినట్టే. మధ్యలో పొలం లేదు కదా, నీళ్లు తొందరగా వచ్చేశాయి!

సరే, దొరికింది. పూడ్చడమే కదా? ఇక్కడే పూర్వం పెద్ద పొరపాటు జరిగేది. గండికి నీళ్లిచ్చే ధమనిని మెడ దగ్గర ముడి వేసేవారు. రెండు రోజులు చప్పుడు ఆగేది. అందరూ సంతోషించేవారు. కొన్నాళ్లకి చప్పుడు తిరిగొచ్చేది. మా నాన్నని అడిగితే ఆయనే చెప్పేవారు, ఎగువన ఒక తూము మూస్తే గండి ఆగుతుందా? పక్క బోదెల నుంచి లాక్కుంటుంది. నాలుగు మూస్తే ఇంకో ఆరు తెరుచుకుంటాయి, ఈసారి ఇంకా సన్నవి, ఇంకా వంకరవి. పైగా మనం వెళ్లడానికి ఉన్న ఒక్క మంచి దారినీ మనమే మూసుకున్నట్టయింది.

కాబట్టి మూయాల్సింది బోదెని కాదు, గండిని. అంటే ధమని కొస, సిర మొదలు కలిసే ఆ చిన్న చోటు. ఆ చోటు ఆవగింజంత ఉండొచ్చు. అక్కడిదాకా వెళ్లాలి.

తొడ మొదట్లోంచో, మణికట్టు నుంచో లోపలికి వెళతాం. మొదట రెండు మిల్లీమీటర్ల గొట్టం మెడ దాకా. దాని లోపల నుంచి మైక్రోకాథెటర్ అనే ఇంకా సన్నని గొట్టం, దాని మొన అర మిల్లీమీటరు. దానికి దారి చూపే వైరు మిల్లీమీటరులో మూడో వంతు. మన చెవి చప్పుడాయనకి మిడిల్ మెనింజియల్ అనే ధమని ద్వారా వెళ్లాం. పుర్రె అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి లోపలికి దూరి డ్యూరా మీద పాకే నాళం అది. మెదడుకి నొప్పి తెలియదని మీరు వినే ఉంటారు, నిజమే. డ్యూరాకి మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే పూర్తి మత్తు ఇస్తాం.

ఈ పనిలో జనం ఊహించని భాగం ఒకటుంది. సగం సేపు మేం చేసేది బుడగల కోసం వెతకడం. ప్రతి గొట్టంలోనూ హెపారిన్ కలిపిన సెలైన్ ఒత్తిడితో పారుతూనే ఉండాలి, లేకపోతే గొట్టంలో రక్తం గడ్డకట్టి అదే పైకి వెళుతుంది. ఆ పైపుల్లో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి ఆరు నెలలూ నేను ఇదే నేర్పిస్తాను. వాళ్లకి విసుగు. నాకు ఫరవాలేదు.

గండి దాకా వెళ్లాక దేంతో పూడ్చాలి? రెండు రకాలు. ఒకటి అసలు సిసలు జిగురు. ఇంట్లో విరిగిన బొమ్మలు అతికించే ఫెవిక్విక్ కుటుంబానిదే, వైద్యానికి తయారుచేసిన చుట్టం. రక్తం తగలగానే క్షణాల్లో గట్టిపడుతుంది. అందుకని ముందు గొట్టాన్ని గ్లూకోజు నీళ్లతో కడిగి, జిగురు వదిలి, వెంటనే కాథెటర్ లాగేయాలి. ఆలస్యమైతే కాథెటరే అతుక్కుపోతుంది. రెండోది ఆనిక్స్. ఇది అంటుకోదు, నెమ్మదిగా అగ్నిపర్వతం లావాలా పాకుతుంది. ఒక పాలిమర్‌ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, ఎక్స్‌రేలో కనపడడానికి టాంటలం పొడి కలుపుతారు. నల్లగా ఉంటుంది. సీసాని ఇరవై నిమిషాలు కుదపాలి, లేకపోతే పొడి అడుక్కి దిగిపోయి మందు ఎక్కడికి పోతోందో కనపడదు.

ఆనిక్స్ వదలడంలో ఉన్నదంతా ఓపికే. కొంచెం వదులుతాం. అది కాథెటర్ చుట్టూ వెనక్కి రావడం మొదలుపెడుతుంది. ఆగుతాం. అరనిమిషం, నిమిషం. వెనక్కి వచ్చింది గట్టిపడి బిరడాలా మారుతుంది. మళ్లీ వదిలితే ఈసారి ముందుకు పోతుంది. ఈ బిరడాని ముందే కట్టేసుకుని, ఆ తర్వాత ఒత్తిడితో నెట్టే పద్ధతికి 2014లో జర్మనీలోని ఎస్సెన్‌లో పనిచేసే రెనె షాపో బృందం పెట్టిన పేరు ప్రెషర్ కుక్కర్ టెక్నిక్. నేను కల్పించింది కాదండీ, పత్రికల్లో అచ్చయిన పేరే అది.

నీళ్లు మరీ ఉరవడిగా ఉంటే? వరదలో ఇసుక బస్తా వేస్తే బస్తా కొట్టుకుపోతుంది. మనవాళ్లు ఏం చేస్తారు? ముందు సరుగుడు గుంజలు వరసగా పాతుతారు, వేగం తగ్గుతుంది, అప్పుడు బస్తాలు. మేమూ అంతే. ముందు ప్లాటినం కాయిల్స్, అంటే సన్నని తీగ చుట్టలు పెట్టి వేగం తగ్గించి, తర్వాత జిగురు. అలా చేయకుండా వదిలిన జిగురు గండి దాటి సిరలో చాలా దూరం పోయి, మంచి సిరని మూసేస్తుంది. పైన నీళ్లు వస్తూనే ఉంటాయి, కింద మురుగు దారి బందు. ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను చదువుకునే రోజుల సంగతి ఒకటి చెబుతాను. ఏ ఆస్పత్రో అడక్కండి. ఇలాంటి కేసే. కాథెటర్ చక్కగా కూర్చుంది. సిరంజి నా చేతిలో ఉంది. మా గురువు గారు వెనక నిలబడి చూస్తున్నారు. "ఆగు" అన్నారు. "చివరి బొమ్మ మళ్లీ వెయ్యి" అన్నారు. వేశాను. నాకేమీ కనపడలేదు. ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా. అప్పుడు కనపడింది. దారపు పోగంత సన్నటి కొమ్మ ఒకటి ముందుకు, కంటి వైపు పోతోంది. ఆ మందు దాంట్లోకి వెళ్లి ఉంటే ఆ మనిషి చూపు పోయేది. ఇలాంటి దొంగదారులు ఇంకా ఉన్నాయి. ముఖాన్ని కదిలించే నరానికి రక్తమిచ్చే కొమ్మ ఇందాక చెప్పిన మిడిల్ మెనింజియల్ ధమనిలోంచే పుడుతుంది, అది మూసుకుపోతే మూతి వంకర పోతుంది. గొంతు దగ్గరి ఇంకో ధమని మింగుడు నరాలకి అన్నం పెడుతుంది. తల వెనక చర్మానికి పోయే ధమని, మెడ ఎముకల మధ్య నుంచి మెదడు కాండానికి పోయే ధమనితో చేతులు కలిపి ఉంటుంది. ఇవి మామూలుగా కనపడవు. ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటాయి, సరిగ్గా మనం మందు నెట్టేటప్పుడు. ఆరోజు ఆ కేసు అక్కడితో ఆపేశాం. వేరే దారిన, ఇంకోరోజు చేశాం. ఇంటికెళ్లి నేను అన్నం తినలేదు.

మళ్లీ మా చెవి చప్పుడాయన దగ్గరికి. మందు వదలగానే గుండె వేగం ధడాలున పడిపోయింది, 70 నుంచి 40కి. డ్యూరా నరాన్ని రెచ్చగొడితే అలా జరుగుతుంది. మా మత్తు డాక్టరు గారికి ముందే చెప్పి ఉంచాను, గుండె వేగం పెంచే అట్రోపిన్ సిరంజి ఆవిడ చేతిలో సిద్ధంగా ఉంది. ఆగాం, సర్దుకుంది, మళ్లీ మొదలుపెట్టాం. సుమారు నలభై నిమిషాల తర్వాత నల్లటి మందు గండి దాటి సిర మొదట్లో రెండు మిల్లీమీటర్లు దిగింది. అక్కడ ఆపాం. అంతకంటే తక్కువైతే గండి మిగిలిపోతుంది, ఎక్కువైతే మంచి సిర పోతుంది.

ఆయన మత్తు లోంచి లేచి మొదట అన్న మాట, "ఫ్యాను ఆపేశారా?" అని. ఏడు నెలల తర్వాత మొదటిసారి నిశ్శబ్దం. ఆ సాయంత్రం వాళ్లావిడ నన్ను పట్టుకుని "మా ఆయనకి వెల్లుల్లి కారం ఎవరు పెట్టారండీ" అని గట్టిగా అడిగారు. డీఎంఎస్ఓ శరీరంలోంచి ఊపిరి ద్వారా పోతూ ఒకటి రెండు రోజులు వెల్లుల్లి వాసన వస్తుంది. ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను.

అందరికీ ఇలాగే కుదురుతుందని కాదు. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఎగదన్నే రకం ఉన్న 30 మందికి ఆనిక్స్‌తో చేస్తే 24 మందికి గండి పూర్తిగా మూసుకుంది. మిగిలినవాళ్లకి సిర వైపు నుంచి వెళ్లాలి, లేదా ఆపరేషన్ చేయాలి.

సిర వైపు నుంచి వెళ్లడం అన్నాను కదా. కంటి వెనక గండి పడినప్పుడు చాలాసార్లు అదే మంచి దారి. బైకు మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలినవాళ్లలో మెదడుకి పోయే పెద్ద ధమనే కంటి వెనక సిరల గుంతలో తెగుతుంది. కన్ను ఎర్రబడి, ఉబ్బి, బయటికి వస్తుంది. కండ్ల కలక అని చుక్కలు వేస్తూ వారాలు గడిపేస్తారు. కన్నురెప్ప మీద స్టెతస్కోపు పెట్టి వింటే రైస్ మిల్లు హోరు. దీన్ని బెలూన్‌తో మూసే దారి చూపింది మాస్కోలో ఫ్యోదర్ సెర్బినెంకో అనే వైద్యుడు. మేడే వేడుకల్లో పిల్లలు దారాలతో ఆడిస్తున్న బెలూన్లు చూసి ఆయనకి ఆలోచన వచ్చిందంటారు. బుల్లి బెలూన్‌ని రక్తంలో తేలుతూ పోనిచ్చి, గండిలో ఉబ్బించి, అక్కడే వదిలేయడం. 1974లో ఆయన వ్యాసం అమెరికా పత్రికలో వచ్చాక ప్రపంచం నేర్చుకుంది. ఇప్పుడు ఎక్కువగా కాయిల్సే వాడుతున్నాం.

కాయిల్స్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రకం బుడగల గురించి రెండు ముక్కలు, ఇవి గాలి బుడగలు కావు. ధమని గోడ ఉబ్బి బుడగ అవుతుంది, పగిలితే పుర్రె బద్దలైనంత తలనొప్పి. ఇటలీకి చెందిన గూగ్లియెల్మి అనే వైద్యుడు లాస్ ఏంజెలిస్‌లో 1990లో మొదటి రోగికి విడిపోయే ప్లాటినం కాయిల్ పెట్టారు. 2002లో 2143 మంది మీద చేసిన ఐశాట్ పరీక్షలో, రెండు పద్ధతులకీ పనికొచ్చే పగిలిన బుడగలకి పుర్రె తెరవడం కంటే కాయిల్ మేలని తేలింది. ఇప్పుడు వల లాంటి స్టెంట్లు, రక్తాన్ని బుడగలోకి పోనివ్వకుండా మళ్లించే ఫ్లో డైవర్టర్లు వచ్చాయి. ఇవి వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఈ హాల్లో ఉంటే ఒక్క మాట: పన్ను పీకించుకోవాలన్నా, ఇంకేమన్నా, రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్ వేసిన వైద్యుడికి ఫోన్ చేయండి. రాత్రి పదింటికైనా చేయండి.

ఇక మెదడు లోపల పుట్టుకతో వచ్చే రక్తనాళాల చిక్కు ఉంటుంది, ఏవీఎం అంటాం. అది దారపు ఉండ చిక్కుపడ్డట్టు ఉంటుంది. ఒక గండి కాదు, వంద గండ్లు. ఇక్కడ నేను చాలాసార్లు చెప్పేది "ప్రస్తుతానికి చేయొద్దు" అని. 2014లో వచ్చిన అరూబా పరీక్షలో, పగలని ఏవీఎంలని కదిలించినవాళ్లలో సుమారు 31 శాతం మందికి పక్షవాతమో మరణమో, కదిలించకుండా మందులిచ్చినవాళ్లలో 10 శాతం మందికి. సగటున చూసింది మూడేళ్ల లోపే, కాబట్టి ఇరవై ఏళ్ల కుర్రాడి విషయంలో ఆ లెక్క ఎంతవరకు పనికొస్తుందని మాలో మేం ఇప్పటికీ వాదించుకుంటాం. ఒకసారి పగిలినదైతే మాత్రం సంగతి వేరు.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక మహిళ: ఆ మందు తలలోనే ఉండిపోతుందా అండీ?)

ఉండిపోతుందమ్మా, జీవితాంతం. ఎక్స్‌రే తీస్తే ఫిల్ము మీద తెల్లటి తీగలా కనపడుతుంది. తర్వాత ఎమ్మారై తీయించుకోవచ్చు, కానీ తీసేవాళ్లకి ముందు చెప్పాలి. ఆస్పత్రివాళ్లు ఇచ్చే కాగితం లామినేషన్ చేయించి దాచుకోండి.

(ఒక యువకుడు: రేడియేషన్ వల్ల ప్రమాదం లేదా?)

ఉంది. చాలాసేపు చేయాల్సి వస్తే కొన్ని వారాల తర్వాత తల వెనక ఒక పట్టీలా జుట్టు రాలుతుంది. ఎక్కువమందికి మళ్లీ వస్తుంది. అందుకే ఒకే రోజు అంతా చేసేయాలని పట్టుపట్టం, రెండు మూడు విడతలు చేస్తాం.

(ఒక పెద్దాయన: నాకూ చెవిలో గుయ్ మంటుందండీ, నాలుగేళ్లుగా. ఇదేనా?)

ఆగకుండా గుయ్ మంటుందా, నాడిలా కొట్టుకుంటుందా? ... ఆగకుండానా? అలాంటిది మామూలుగా లోపలి చెవిది. గండి అయ్యే అవకాశం చాలా తక్కువ. అయినా ఉండండి బాబాయ్ గారూ, స్టెతస్కోపు కార్లో ఉంది. దీని తర్వాత ఆ పుస్తకాల గదిలో కూర్చుందాం, అక్కడ ఫ్యాను కట్టేయమని చెప్పండి. ఒకసారి వింటాను.